రెండు ఎడమ చేతులు

జాకెట్టు చేతులు రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకేలా ఉండవు. చంక దగ్గర ముందు వైపు కొంచెం లోపలికి కోయాలి, వెనక వైపు కొంచెం నిండుగా వదలాలి. కుడి చేతికీ ఎడమ చేతికీ ఆ వంపు ఎదురెదురుగా వస్తుంది. అందుకే గుడ్డను మడిచి రెండూ ఒక్కసారే కోస్తారు. మడవకుండా ఒకదాని తర్వాత ఒకటి కోస్తే, కొత్తగా నేర్చుకునే పిల్లలు రెండు ఎడమ చేతులు కోసి కూర్చుంటారు. నా కోడలు చేవెళ్లలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. ఆమె ఆ తప్పు చేసింది జూన్ నెల రెండో మంగళవారం. అప్పటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు నిండి పదకొండు రోజులు.

రాసిపెట్టాను కాబట్టి తెలుసు. నేను ఇరవై ఆరేళ్ళు ఊరి పాల కేంద్రంలో రాతపని చేశాను. ఎవరి బర్రె ఏ పూట ఎన్ని లీటర్లిచ్చింది, వెన్న శాతం ఎంత వచ్చింది, రెండు పూటలా రాశాను. కేంద్రం మూతపడ్డాక కోడలి దుకాణంలో కూర్చున్నాను. బస్టాండుకు దగ్గర్లో, బీజాపూర్ రోడ్డు మీద ఒకటే గది. హుక్కులు కుట్టడం, కొలతల పుస్తకం రాయడం నా పని. ఎవరి జాకెట్టు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడివ్వాలి, మెడ ఎంత, చుట్టు ఎంత, అన్నీ నా చేతిరాతే. కోడలు నవ్వేది.

"అత్తమ్మా, ఇయ్యాల దుకాణంలకు ఎన్ని ఈగలొచ్చినయో గూడ రాస్తవా?"

"రాస్తే నీకేం నష్టం. కలం నాది, కాగితం నాది" అనేదాన్ని.

ఆ మంగళవారం ఆమె అన్నానికి ఇంటికి వెళ్ళినప్పుడు హుక్కులు కుడదామని జాకెట్టు తీశాను. రెండూ ఎడమ చేతులే. రెండు వైపులా ఒకేలా ఉండే నూలు గుడ్డ కాబట్టి ఒక చెయ్యి కుట్టు విప్పి, గుడ్డను తిరగేసి, మళ్ళీ కుట్టాను. ముప్పావుగంట పట్టింది. పుస్తకంలో ఆ పేజీ మూలన ఎర్ర కలంతో "రెండు ఎడమ" అని రాసి గుండ్రంగా చుట్టాను. ఆమెకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో దాచుకోను. అంతకు నాలుగు రోజుల ముందు, నేను కుట్టిన హుక్కు ఊడిందని ఇద్దరు ఆడవాళ్ళ ముందు ఆమె నన్ను అన్నది. "అత్తమ్మ చేతుల పట్టు తప్పుతున్నది, ముసలితనం గద" అన్నది. నవ్వుతూనే అన్నది. నేను దాన్ని కొంగున ముడేసుకున్నాను. ఏదో ఒక రోజు ఆ ఎర్ర రాత ఆమె ముందు పెట్టి, ఎవరి చేతుల పట్టు తప్పిందో అడగాలనుకున్నాను.

తప్పులు పెరిగాయి. ఏడు అంగుళాల మెడ తొమ్మిది అంగుళాలయింది. టేపును తప్పు కొస నుంచి చదివింది. ముందు ముక్కను వెనక ముక్కకు పెట్టి కుట్టింది. ఒకే జాకెట్టును రెండుసార్లు కోసింది. నేను తొమ్మిది గంటలకు దుకాణం తెరుస్తాను, ఆమె వంట చేసి పదింటికి వస్తుంది. ఆ గంటసేపట్లో కుట్లు విప్పి సరిచేసేదాన్ని. గుడ్డ పాడైతే అదే రంగు గుడ్డ కొనుక్కొచ్చేదాన్ని. దుకాణం పేరు పోకూడదు. ఇచ్చిన మాట ప్రకారం ఇచ్చిన రోజుకు జాకెట్టు వెళ్ళాలి. ఒక్కటి కూడా ఆలస్యం కానివ్వలేదు. తప్పు మాత్రం ఎర్ర కలంతో రాసేదాన్ని.

ఆమె అప్పుడప్పుడు బల్ల మీది జాకెట్టును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసేది. "ఏమైందే?" అంటే "ఏం లేదు అత్తమ్మా" అని పక్కన పెట్టేది. నేను తల వంచుకుని హుక్కులు కుట్టేదాన్ని.

చూపు మందగించిందన్నది ఆమె. సెప్టెంబరులో కళ్ళజోడు మార్చాం. జనవరిలో మళ్ళీ మార్చాం, ఏప్రిల్‌లో మూడోది. చూసినతను ప్రతిసారీ ఒకటే చెప్పాడు, కళ్ళు బాగానే ఉన్నాయి, సైటు కొంచెమే మారిందని. మధ్యలో నవంబరులో ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నెలసరి ఆగే వయసు, మరుపూ చికాకూ మామూలే అన్నారు. ఫిబ్రవరిలో ఇంకొకరు దిగులు అని చెప్పి నిద్రమాత్రలిచ్చారు. అందరూ ఆమె ఎదుటే మాట్లాడారు, అందరికీ నేనే జవాబు చెప్పాను. "ఎప్పటినుంచి?" అంటే "ఈ మధ్యనే" అన్నాను. పుస్తకం నా సంచిలోనే ఉంది. తీయలేదు.

ఆ ఫిబ్రవరిలోనే ఒకటి జరిగింది. మొయినాబాద్‌లో విల్లాలలో ఉండే ఒకావిడకు జాకెట్టు ఇచ్చి రమ్మని కోడలిని పంపాను. పదకొండింటికి బస్సెక్కింది. రెండున్నర వరకు రాలేదు. ఫోను ఎత్తలేదు. నా కొడుకు కాలేజీ బస్సు నడుపుతాడు. బండి కాలేజీలో పెట్టి, స్నేహితుడి బైకు తీసుకుని మొయినాబాద్ అంతా వెతికాడు. ఆటో అడ్డా దగ్గర ఒక డ్రైవరు చెప్పాడట, నీలం చీర అక్క గుడికి పోయే వాళ్ళతో ఎక్కింది, చిల్కూరులో దించిన అని. పోయి చూస్తే ఆమె గుడి చుట్టూ తిరుగుతోంది. చేతిలో కార్డు కూడా లేదు. చిల్కూరు గుడిలో కోరిక కోరేటప్పుడు పదకొండు సార్లు, తీరాక నూట ఎనిమిది సార్లు తిరుగుతారు. లెక్క తప్పకుండా కార్డు మీద గడులు కొట్టుకుంటూ తిరుగుతారు.

"మొక్కున్నదట అమ్మా" అన్నాడు కొడుకు ఇంటికి తెచ్చి. కోపం పోయి మెత్తబడ్డాడు. "జెర చెప్పి పోవద్దా?"

"ఏం మొక్కు?" అన్నాను.

"ఉన్నది లే అత్తమ్మా" అన్నది.

"ఎన్ని తిరిగినవ్?"

"లెక్క వెట్టలే."

జాకెట్టు సంచిలోనే ఉంది. మూడు గంటలు తిరిగి లెక్క పెట్టకపోవడం ఏం మొక్కు అని నాకు ఒళ్ళు మండింది. ఎర్ర కలంతో రాశాను: "జాకెట్టు ఇవ్వలేదు. గుడి. లెక్క లేదు." అది ఇరవై తొమ్మిదో తప్పు.

ఆగస్టులో, శ్రావణం పెళ్ళిళ్ళప్పుడు, నాకు జ్వరం వచ్చి మూడు రోజులు దుకాణానికి వెళ్ళలేదు. నాలుగో రోజు వెళ్ళి కూర్చున్నానో లేదో ఆ విల్లాల ఆవిడ కారు దిగింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. కూతురి పెళ్ళి జాకెట్టు, నేను లేనప్పుడు ఇచ్చింది, పట్టుది, అంచుకు జరీ. బల్ల మీద పరిచింది.

"ఏవండీ, ఇది వేసుకుంటే మా అమ్మాయికి కుడి చెయ్యి పైకి లేవట్లేదు. చూడండి, రెండూ ఒకే చేతివి. పెళ్ళి నాలుగు రోజుల్లో పెట్టుకుని నేనేం చెయ్యాలి?"

కోడలు జాకెట్టు చూసింది. "ఏది మేడం? మంచిగనే ఉన్నది గద."

"మంచిగా ఉందా? ఇరవై ఏళ్ళ నుంచి కుడుతున్నారు, మీకు కనిపించట్లేదా?"

నాకు సంతోషమే కలిగింది మొదట. రాస్తున్నాను కాబట్టి నిజం రాయాలి. పద్నాలుగు నెలలుగా దాచుకున్న ముడి విప్పే రోజు వచ్చిందనుకున్నాను. "ఏది ఎడమ చెయ్యో సూపెట్టు" అన్నాను గట్టిగా, ఆవిడ ముందే.

కోడలు ఒక చెయ్యి మీద వేలు పెట్టింది. తీసింది. తన చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంది. కుడి చేతిని జాకెట్టు మీద పెట్టి, అక్కడి నుంచి మెడ వైపు తీసుకెళ్ళి, గుడ్డలో దేనికోసమో తడిమింది. ముక్కు మీద చెమట పట్టింది.

"గిది... గిదే గద" అన్నది. తర్వాత నా వైపు తిరిగింది. "అత్తమ్మా, కండ్లు కనవడుతున్నయి. గుడ్డ కనవడుతున్నది. గదేందో తెలుస్తలేదు."

ఆమె అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. ఇరవై నాలుగేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. ఆమె అబద్ధమాడటం లేదు.

ఆవిడ కోపంగా ఏదో అనబోయి ఆగిపోయింది. స్టూలు లాక్కుని కూర్చుంది. "కళ్ళజోడు మార్పించారా అమ్మగారూ?"

"మూడు మార్చినం."

"అయితే కళ్ళు కాదేమోనండీ. మెదడు డాక్టరుకు చూపించండి. జాకెట్టు సంగతి నేను చూసుకుంటాను. దీన్ని మాత్రం ఆలస్యం చెయ్యకండి."

ఇంటికి వెళ్ళి కొడుకుకు చెప్పాను. "మెదడు డాక్టరా?" అన్నాడు. "ఊర్ల తెలిస్తే పిచ్చిదంటరు. రేపు బిడ్డకు సంబంధం ఎట్ల వస్తది? పనెక్కువయి పరేషాన్ అయితున్నది, గంతే. రెండు నెల్లు దుకాణం బంద్ వెట్టుమను." ఆ మాట తప్పని నాకు తెలుసు. కానీ ఆ రోజు నేనూ అదే అనుకున్నాను, సంబంధం గురించే. మర్నాడు గ్లాసులో నీళ్ళు పోస్తూ కోడలు గ్లాసు పక్కన పోసింది. గచ్చు మీద నీళ్ళు పారుతుంటే అలాగే పోస్తూ నిలబడింది. ఆ తర్వాత నేను ఊరుకోలేదు. ప్రతి పూటా అడిగాను. అన్నం పెట్టను అన్నాను. ఆఖరికి ఇరవై ఏళ్ళ నా మనుమరాలు అడ్డం వచ్చింది. ఆమె మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది.

"నా సంబంధం గురించి నువ్వేం ఫికర్ జెయ్యకు డాడీ. అమ్మ పిచ్చిదని ఎవరన్న అంటే ఆ ఇంటికి నేనే వోను."

పట్టు జాకెట్టు రోజు నుంచి డాక్టరు గదిలో కూర్చున్న రోజు వరకు ఇరవై ఆరు రోజులు. అందులో పద్దెనిమిది నా కొడుకు వాదనకు పోయాయి, ఎనిమిది డాక్టరు దగ్గర రోజు దొరకడానికి. ఆ పద్దెనిమిదికి చాలా ఏడ్చాను. నా పద్నాలుగు నెలల లెక్క అప్పటికింకా వేయలేదు.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. కోడలిని ఇది ఏ నెల అని అడిగితే నేను జవాబు చెప్పాను. ఎక్కడున్నాం అంటే నేనే చెప్పాను. "అమ్మా, మీరు చెప్పొద్దు" అన్నది ఆవిడ. వందలో నుంచి ఏడు తీసేస్తూ చెప్పమన్నది. కోడలు తొంభై మూడు అన్నది. తర్వాత ఆగిపోయింది. నా పెదవులు కదిలాయట. నన్ను బయట కూర్చోమన్నారు. బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు. చివరికి రెండు మిగిలింది. మళ్ళీ వంద నుంచి మొదలుపెట్టాను. నాకు డెబ్బై మూడేళ్ళు. లెక్క తప్పవలసిన వయసు నాది. ఎన్నిసార్లు చేసినా రెండే మిగిలింది.

లోపల ఆమె గీసిన గడియారం తర్వాత చూశాను. పన్నెండు అంకెలూ ఒక్క పక్కనే కుప్పగా ఉన్నాయి. ఆ పక్క నిండిపోయాక అంకెలు గీత దాటి బయటికి పోయాయి.

రక్త పరీక్షలు, స్కానింగులు అయ్యాక తొమ్మిదో రోజు మళ్ళీ వెళ్ళాం. "ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆరు నెలలాయె మేడం" అన్నాడు కొడుకు.

నేను సంచిలోంచి పుస్తకం తీశాను. ఎర్ర చుట్లున్న పేజీలు మడిచిపెట్టి ఉన్నాయి. ఆవిడ ఒక్కో పేజీ తిప్పింది, చాలాసేపు చదివింది. నలభై మూడు. ప్రతిదానికీ రోజు ఉంది, తప్పేమిటో ఉంది.

"ఇంత వివరంగా ఎవరూ తీసుకురారమ్మా" అన్నది. "ఇది చాలా ఉపయోగపడింది."

అల్జీమర్స్ అని చెప్పింది. మామూలుగా ముసలివాళ్ళకు వచ్చేది, కొందరికి ముందే వస్తుందన్నది. ఈమెకు మరుపుతో కాకుండా చూపుతో మొదలైందట. కన్ను చూస్తుంది, చూసినదేమిటో మెదడు వెనక భాగం చెప్పాలి, అది చెప్పడం లేదు. అందుకే కళ్ళజోళ్ళు పని చేయలేదు. మందులతో కొంతకాలం కొంచెం నిలబడవచ్చు, నయం కాదు.

"ఇదే పుస్తకం పట్టుకుని పదిహేను నెలల కింద మొదటి పేజీకే వస్తే?" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. "అప్పుడు వచ్చినా జబ్బు ఆగేది కాదమ్మా. కానీ తనకేమవుతోందో తనకు తెలిసి ఉండేది. కొన్ని తను ఆలోచించి చెప్పుకునేది. ఇప్పుడైనా చెప్పగలదు. మరీ ఆలస్యం కాలేదు."

కోడలు అంతవరకు పైట కొసను వేళ్ళతో మడుస్తూ కూర్చుంది. "మేడం, ఇంక ఎన్ని దినాలు నేను నా లెక్కనే ఉంట?"

"రోజులు చెప్పలేనమ్మా."

"అందాజకు చెప్పుండ్రి" అన్నాను నేను.

"చెప్పలేను పెద్దమ్మా. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది."

నా జీవితంలో అంకె లేని మొదటి జవాబు అది.

కొడుకు మందులకు వెళ్ళాడు. మేమిద్దరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. మెట్టు ఎక్కడ ముగుస్తుందో ఆమెకు తెలియడం లేదు, కాలితో తడుముతోంది. నా ఒళ్ళో పుస్తకం ఉంది. దాన్ని ముట్టుకుని అడిగింది.

"గవన్నీ నువ్వు సక్కజేసినవా అత్తమ్మా?"

"ఆఁ."

"నేను రాత్రి పండుకుంటే గుర్తొచ్చేది. ఇయ్యాల చెయ్యి తప్పు కోసిన అని. పొద్దుగాల వచ్చి చూస్తె మంచిగుండేది. తప్పు కొయ్యలేదు, ఊకె అనుకున్న అనుకునేదాన్ని. మల్ల అయ్యేది. మల్ల చూస్తె మంచిగుండేది. ఉన్నదేదో లేనిదేదో నాకే తెల్వక, నాకు పిచ్చి లేస్తున్నదని ఎవ్వలకు చెప్పలే."

ఆమె తప్పులు నేను సరిచేస్తున్నానని అనుకున్నాను. ఆమెకున్న ఒకే ఒక్క ఆనవాలును రోజూ పొద్దున్నే తుడిచేశాను.

"మరి గుడి కాడ?" అన్నాను.

"ఆటో ఆయన దింపిండు. లోపలికి వోయిన. బయటికి దారి కనవడలే. అందరు తిరుగుతున్నరు గద, నేను గూడ తిరిగిన. నిలవడితె ఎవరన్న అడుగుతరు. తిరిగితె ఎవ్వరడగరు." కొంచెం నవ్వింది. "మంచి మొక్కు."

ఆ రోజు నుంచి ఇవాళ్టికి నూట పన్నెండు రోజులు. దుకాణం ఇరవై మూడో రోజున మూసేశాం. మిషను ఇంటికి తెచ్చాం. సూది వేలిలో దిగాక సూది తీసేశాను. తీసేశానని ఆమెకు చెప్పే తీశాను. ఇప్పుడు ఏదీ చెప్పకుండా చేయను. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే నల్ల పట్టాను చూసి గొయ్యి అనుకుంటుంది, దాన్ని తీసేశాం. కుర్చీలో కూర్చోబోయి పక్కన కూర్చుంటుంది. వారంలో నాలుగు రోజులు చీర నేనే కడతాను, మిగతా మూడు రోజులు కట్టనివ్వదు. కొన్ని సాయంత్రాలు నన్ను తిడుతుంది. "నువ్వే దాచినవ్, నువ్వే" అంటుంది. నేను బియ్యం ఏరుకుంటూ కూర్చుంటాను. నేను దేవుడిని ఒకటే అడుగుతాను, ఆమె కంటే నన్ను ఒక్క రోజు వెనక తీసుకుపొమ్మని. డెబ్బై మూడులోంచి నలభై తొమ్మిది తీసేస్తే ఇరవై నాలుగు. ఆ కోరిక తీరే లెక్క కాదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కొలతల పుస్తకం తెమ్మన్నది. తెచ్చాను.

"ఇండ్ల చేవెళ్ల ఆడోళ్ళందరు ఉన్నరు. నేను లేను" అన్నది.

నిజమే. ఇరవై రెండేళ్ళలో తన కొలత ఎప్పుడూ రాయించలేదు. తన జాకెట్టు తాను అందాజతో కోసుకునేది.

"రేపు నీకెట్ల తెలుస్తది? ఎక్కడ పడతదో, ఎక్కడ గుచ్చుకుంటదో నేను చెప్పలేను గద. రాసుకో."

టేపు పెట్టి కొలిచాను. ముప్పై ఆరు. భుజం పద్నాలుగు. చేతి పొడవు తొమ్మిదిన్నర. పైన పేరు రాసే చోట "కోడలు" అని రాసి, రోజు వేశాను.

"ఇంకా రాయి" అన్నది. కళ్ళు మూసుకుని చెప్పింది. మూసుకుంటే సులువట, చూడక్కర లేదు కదా. "మెడ ఎనక హుక్కు వద్దు, గుచ్చుకుంటది. చాయల చెక్కర తక్వ. ఎడమ దిక్కు తిరిగి పండుకుంట. జడ బిగ్గర వెయ్యద్దు. నన్ను దవాఖానల ఒక్కదాన్నే ఇడిసిపెట్టద్దు. బిడ్డకు ఇష్టం లేని సంబంధం చెయ్యద్దు, నా పేరు చెప్పి అసలే చెయ్యద్దు. నేను తిడితె నువ్వు తిరిగి తిట్టు, ఊకుండకు, ఊకుంటె నాకు భయమైతది."

అన్నీ రాశాను. వరుస అంకెలు వేశాను. ఏడు అయ్యాయి.

ఆగింది. టేపు ఇంకా ఆమె భుజం మీదే ఉంది. దాన్ని పైట అనుకుని సర్దుకుంది.

"అత్తమ్మా, రాసుకుంటున్నవా?"

"రాస్తున్న, చెప్పు."

"మెడ ఎనక హుక్కు వద్దు" అన్నది. "గుచ్చుకుంటది."

నా చేతిలో నల్ల కలమే ఉంది. ఇన్నేళ్ళలో ఒకే పద్దును రెండుసార్లు రాయలేదు నేను. ఎనిమిది అని అంకె వేసి, ఆమె చెప్పినట్టే మళ్ళీ రాశాను.